కారియర్‌కి రెండు పక్కలా

పొద్దున తొమ్మిది దాటింది. విజయవాడలో రైవస్ కాలువ వంతెన దిగి గట్టు వెంట నాలుగడుగులు వేస్తే, వేపచెట్టు కింద పాత ఫ్లెక్సీ కప్పిన పంక్చర్ షాపు. మీరు దాని ముందు పీట మీద కూర్చున్నారు. పక్కన నీళ్ల బేసిన్. తెల్లారినప్పటి నుంచి ట్యూబులు ముంచి ముంచి నీళ్లు నల్లబడ్డాయి. చెట్టుకి కొట్టిన మేకులకు పనికిరాని ట్యూబులు గుత్తులుగా వేలాడుతున్నాయి. సొల్యూషన్ వాసన, కాలువ వాసన, ఎదురుగా పునుగుల బండి మీద కాగుతున్న నూనె వాసన, మూడూ కలిసే వస్తున్నాయి.

గట్టు మీద ఒకాయన నల్లటి అట్లాస్ సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. యాభై దాటిన మనిషి. హ్యాండిల్‌కి ఈ పక్కొక సంచి, ఆ పక్కొక సంచి. ఒకదాంట్లో గోంగూర, ఇంకోదాంట్లో పాలకూర, కొత్తిమీర. కారియర్ మీద గోనెసంచి నిండా తడి తోటకూర. తాడు ఎంత బిగించి కట్టినా అది ఎడమ పక్కకే ఒరిగిపోయింది. సంచి కొస వెనక చక్రానికి ఒరుసుకుని చప్పుడు చేస్తోంది.

"తొక్కుకుంటూ రాకుండా నడిపించుకొస్తున్నావేం బావా?" అంటాడు షాపు మేస్త్రీ.

"తొక్కితే మోకాలికి సంచి తగులుద్ది. మలుపు తిప్పితే హ్యాండిల్ మాట వినట్లా. మొన్న గోనె కొస చక్రంలో చిక్కుకుని రోడ్డు మీదే పడ్డా."

మేస్త్రీ లేచి సైకిలు అందుకుని నేరుగా మీ దగ్గరికి తెస్తాడు. "ఇది కాస్త పట్టుకో బాబూ. అటూ ఇటూ తిప్పి చూడు."

మీరు హ్యాండిల్ ఎడమకి తిప్పుతారు. మీ చేయి ఆగాక కూడా సంచులు ఆగవు. కాస్త ఆలస్యంగా అవీ ఎడమకి ఊగి, మీరు అనుకున్న దానికంటే ఎక్కువే లాగుతాయి. సర్దుకోవడానికి కుడికి తిప్పితే మళ్లీ అదే. సంచుల ఊగుడు ఆగేదాకా హ్యాండిల్ మీ చేతిలో లేనట్టే. బస్సు వెనకనుంచి హారన్ కొడుతున్నప్పుడు ఇలా అయితే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద కష్టం లేదు.

"ఇప్పుడు కాస్త పక్కకి వాల్చు."

వాలుస్తారు. గోనె బరువు ఒక్కసారిగా మీ మణికట్టు మీదకి వస్తుంది. నిలబెట్టడానికి తొడ అడ్డం పెట్టాల్సి వచ్చింది. మేస్త్రీ సంచులన్నీ దింపుతాడు. అదే తోటకూరని రెండు సమాన భాగాలు చేసి, తాడుతో కారియర్‌కి రెండు పక్కలా, చక్రం ఇరుసు ఎత్తుకి వచ్చేట్టు వేలాడదీస్తాడు. "మళ్లీ వాల్చు." అదే కూర, అదే బరువు. ఈసారి సైకిలు రెండు వేళ్లకి లొంగుతోంది. బరువు నేలకి దగ్గరైంది, రెండు పక్కలా సరిపోయింది, అంతే తేడా. కావడి మోసినవాళ్లకీ, ఎడ్ల వీపున పెరికెలు వేసి ఊళ్లు తిరిగినవాళ్లకీ తెలిసిన లెక్కే ఇది.

"అర్థమైంది బావా. కానీ తాళ్లతో ఇట్టా రోజూ కట్టుకోలేను కదా," అంటాడు ఆకుకూరల ఆయన.

"తాళ్లెందుకు? డబ్బాలు కడదాం."

షాపు వెనక గోడవారగా రెండు నూనె క్యాన్లున్నాయి, పసుపు రంగువి. హోటళ్లు, బజ్జీల బళ్లు వాడి పాత సామాన్ల కొట్టుకి వేసే 15 లీటర్ల క్యాన్లు. నూనె నీళ్లకంటే తేలిక కాబట్టి 15 లీటర్లకి తూకం పద్నాలుగు కిలోలలోపే. అంటే ఆ పిడి, ఆ అడుగు, ఆ గోడలు అంత బరువుని లారీల మీద, మెట్ల మీద, మనుషుల భుజాల మీద మోయడానికి తయారైనవే. కూరలకి ఇంతకంటే గట్టి డబ్బా అక్కర్లేదు. చెత్తలోకి పోయేవాటిలో ఇంత పనికొచ్చే వస్తువు ఇంకోటి నాకు తెలియదు. రెంటికీ కలిపి ఎనభై రూపాయలు.

మేస్త్రీ ఒకదాన్ని బోర్లించి అడుగు చూపిస్తాడు. త్రికోణంలో 2 అంకె అచ్చుపోసి ఉంది. అది హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గుర్తు. నొక్కితే వంగి మళ్లీ లేస్తుంది, బోల్టు బిగించినా చిట్లదు. అదే త్రికోణంలో 1 ఉంటే కూల్‌డ్రింకు సీసాల రకం. చూడ్డానికి నిగనిగలాడుతుంది గానీ కన్నం చుట్టూ పగులుతుంది. దాన్ని పక్కన పెట్టేయాలి. ఇంకో మాట మేస్త్రీ గట్టిగానే చెబుతాడు: పురుగుమందు డబ్బా, యాసిడ్ క్యాను ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. ఎన్నిసార్లు కడిగినా తినే వస్తువు అందులో పెట్టకూడదు.

నూనె క్యాను కడగడం మీ వంతు. లోపల గుప్పెడు తవుడు వేసి, మూత బిగించి, బాగా కుదిపి, గోడలకి అంటిన జిడ్డుని అది పీల్చుకున్నాక పారబోస్తారు. తర్వాత చాకలిసోడా కలిపిన వేడినీళ్లు. పునుగుల బండి ఆవిడ గిన్నెడు నీళ్లు కాచి ఇచ్చింది. "నా బండి దగ్గర ఖాళీ అయిన క్యాన్లే అవి, చూసుకోండి," అందామె. రెండుసార్లు కడిగాక వేలు రాసి చూస్తే జారడం లేదు.

ఇక కోత. మేస్త్రీ సుద్దముక్కతో గీత గీస్తున్నాడు. పిడి ఉన్న పైభాగం అలాగే ఉంచి, సైకిలు మీద బయటికి చూసే గోడలో పై భాగాన గీస్తున్నాడు, కట్ట నిలువునా దూరేంత వెడల్పుగా. మూల దగ్గర కాల్చిన మేకుతో ఒక కన్నం పెడతాడు. సన్నటి పొగ లేస్తుంది. ముఖం పక్కకి తిప్పుకోమంటాడు, ఆ పొగ పీల్చడం మంచిది కాదు. ఆ కన్నంలోంచి హాక్సా బ్లేడు దూర్చి, పట్టుకునే కొసకి గుడ్డ చుట్టుకుని, గీత వెంట కోస్తాడు. కత్తి కాల్చి కోస్తే తొందరగా తెగుతుంది కదా అని మీరు అడుగుతారు. "తెగుద్ది. అంచు కరిగి గడ్డలు కడుద్ది, చేతులు కోసుకుంటాయి," అంటాడు. బ్లేడు కదిలినప్పుడల్లా పసుపు రజను మీ మోకాళ్ల మీద రాలుతోంది. క్యాను కదలకుండా మీరు రెండు కాళ్ల మధ్య బిగించి పట్టుకున్నారు.

నాలుగో పక్క కోయకుండా వదిలేస్తే అదే తలుపు మడత అవుతుందని అందరూ అనుకుంటారు. మేస్త్రీ అలా వదలడు. మందపాటి ప్లాస్టిక్కు రోజూ అదే గీత మీద వంగితే కొద్ది నెలల్లో తెల్లబడి విరుగుతుంది. అందుకని నాలుగు పక్కలా కోసి, ముక్కని బయటికి తీసి, సైకిలు టైరు నుంచి కోసిన రబ్బరు పట్టీని మడతబందులా పెట్టి చిన్న బోల్టులతో బిగిస్తాడు. కోసిన నోటి అంచుకి పాత ట్యూబుని నిలువునా చీల్చి తొడుగుతాడు. అంచు మెత్తబడింది, చెయ్యి దూర్చినా గీరుకోదు.

సైకిలు ఈ దేశంలో ఎంత బరువు మోసిందో మీకు తెలుసు. తుంబాలో మన రాకెట్ ప్రయోగాలు మొదలైన 1960లలో రాకెట్ ముక్కు భాగం సైకిలు కారియర్ మీద వెళ్లిన ఫొటో మీరూ చూసే ఉంటారు. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధంలో వియత్నాం జనం సైకిళ్లకి వెదురుబొంగులు కట్టి, ఎక్కి తొక్కకుండా పక్కన నడుస్తూ, ఒక్కో సైకిలు మీద రెండేసి వందల కిలోలు కొండల్లోకి తోశారు. ఆ బొంగుల్ని ఏ కంపెనీ ఇవ్వలేదు, నడిపినవాళ్లే కట్టుకున్నారు. మనకీ అంతే. అట్లాస్ సోనీపత్‌లో 1951లో మొదలైంది, హీరో లూధియానాలో 1956లో. కోట్ల కుటుంబాలు ఆ సైకిళ్ల మీద పాలు, చేపలు, బట్టలు, కల్లు, ఐస్‌ఫ్రూట్లు అమ్ముకుని పిల్లల్ని చదివించాయి. ఆ సైకిలు ఒక కారియరూ ఒక స్ప్రింగు క్లిప్పూ ఇచ్చి ఊరుకుంది. మిగిలిందంతా పాలాయన, చేపలాయన, ఇదిగో ఈ మేస్త్రీ సమకూర్చుకున్నారు. సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, మూతపడింది. ఈ ఆకుకూరల ఆయన సైకిలు మాత్రం ఇంకా రోడ్డు మీదే ఉంది. దానికి డబ్బా కట్టే చేతిపనిని నేను ఇంజనీరింగ్ అనే అంటాను.

ఇప్పుడు డబ్బా వెనక గోడ. ఇది అసలు కీలకం. కూరలు నింపితే క్యాను గోడ ఉబ్బుతుంది. ఉబ్బితే స్పోకుల్లోకి పోతుంది. అందుకని పాత బల్లపై నుంచి ఊడదీసిన ప్లైవుడ్ ముక్కని వెనక గోడ కొలతకి కోసి లోపలి నుంచి పెడతాడు. బోల్టు క్యానులోంచి, ప్లైవుడ్‌లోంచి, బయట ఇనప పట్టీలోంచి దూరుతుంది. ప్రతి బోల్టు తలకిందా పెద్ద వాషరు, దాని కింద పాత హవాయి చెప్పు నుంచి గుండ్రంగా కోసిన రబ్బరు బిళ్ల. గుంతలో పడ్డప్పుడు వచ్చే దెబ్బని ఒక్క కన్నం మీద పడనీయకుండా ఆ బిళ్ల, ఆ ప్లైవుడ్ గోడంతా పంచుతాయి. బోల్టుల మిగులు కొసలు ఎటు ఉండాలి? మీరు బయటికి అనుకుంటారు. మేస్త్రీ తల అడ్డంగా ఊపుతాడు. బయటికి ఉంటే చక్రం వైపు పొడుచుకొస్తాయి. తల చక్రం వైపు, నట్టు డబ్బా లోపల. లోపలి కొసలకి ట్యూబు ముక్కలు తొడిగితే కూర చిరగదు.

డబ్బాని కారియర్‌కి తగిలించే కొక్కేలకి ముప్పావు అంగుళం వెడల్పు ఇనప పట్టీ. పక్కనున్న వెల్డింగ్ షాపులో తెచ్చింది, అరవై రూపాయలు. వైస్‌లో బిగించి సుత్తితో వంచుతుంటే ఆ చప్పుడుకి వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. డబ్బాకి రెండు కొక్కేలు. వంపు కారియర్ ఊచని దాటి అంగుళం పైనే కిందికి దిగాలి. చిన్న వంపు పెట్టి ఊరుకుంటే మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గరే డబ్బా ఎగిరి పడుతుంది. కొక్కెం లోపలి వైపు, కారియర్ ఊచ చుట్టూ రెండిటికీ ట్యూబు చుడతాడు. ఇనుమూ ఇనుమూ కొట్టుకోవు, జారదు, చప్పుడు ఉండదు.

"బావా, ఇటు రా. సీటెక్కు."

సైకిలు స్టాండు మీద ఉంది. డబ్బాలు ఊరికే తగిలించి ఉన్నాయి, ఇంకా ఏదీ చివరిదాకా బిగించలేదు. ఆకుకూరల ఆయన ఎక్కి పెడళ్లు వెనక్కి తిప్పుతాడు. మీరు వంగి చూస్తున్నారు. కుడి పెడలు వెనక్కి వచ్చినప్పుడు ఆయన మడమ డబ్బా మూలకి తగులుతోంది. మేస్త్రీ డబ్బాని కారియర్ వెంట రెండు వేళ్ల మందం వెనక్కి జరుపుతాడు. మళ్లీ తిప్పు. ఇంకా రాసుకుంటోంది. ఇంకొంచెం. ఇప్పుడు మధ్యలో అరచేయి దూరుతోంది. అక్కడ ఆగిపోయాడు. ఇంకా వెనక్కి జరిపితే ఇంకా సుఖం కదా అంటే, బరువు ఇరుసు దాటి వెనక్కి పోయేకొద్దీ ముందు చక్రం తేలిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ వణుకుతుంది అంటాడు. మడమకి దారి వదలాలి, అంతకు మించి ఒక్క అంగుళం కూడా ఇవ్వకూడదు.

తర్వాత స్టాండు. ఈ పాత సైకిళ్లకి స్టాండు వెనక ఇరుసు దగ్గర నుంచి తిరిగి, చక్రం వెనక నుంచి పైకి లేస్తుంది. డబ్బాలు కట్టడం నేర్చుకుంటున్నవాళ్లు దీన్ని మర్చిపోతారు. అన్నీ బిగించాక స్టాండు లేవదు. మేస్త్రీ కాలితో తన్ని స్టాండు లేపి, దించి, మళ్లీ లేపుతాడు. స్టాండు ఎడమ కాలు డబ్బా వెనక గోడకి కాస్త రాసుకుంటోంది. కొక్కేనికీ డబ్బాకీ మధ్య ఇంకో చెప్పురబ్బరు బిళ్ల వేసి డబ్బాని కాస్త బయటికి తెస్తాడు. ఇప్పుడు స్టాండు స్వేచ్ఛగా తిరుగుతోంది.

అప్పుడు గానీ రెంచి తీయడు. పై కొక్కేలు బిగించాక డబ్బా కింది భాగం ఇంకా ఊగుతూనే ఉంది. చెట్టుకి వేలాడుతున్న ట్యూబు ఒకటి దింపమంటాడు మిమ్మల్ని. అడ్డంగా కోస్తే ఉంగరాలు, చుట్టూ మెలికగా కోస్తే పొడవాటి పట్టీ. ఆ పట్టీ ఒక కొస డబ్బా అడుగు బోల్టుకి, ఇంకో కొస కారియర్ కాళ్లు ఇరుసు దగ్గర దిగే చోట. సాగదీసి తగిలించాలి. పైన రెండు, కింద ఒకటి, మూడు చోట్ల పట్టు దొరికితే డబ్బా కదలదు. ఇరుసు నట్టుకి మాత్రం కట్టకూడదు. పంక్చర్ పడి చక్రం విప్పాల్సి వచ్చినప్పుడు అది అడ్డం.

అడుగున కాల్చిన సన్న మేకుతో నాలుగైదు కన్నాలు. తడి కూర కాబట్టి నీళ్లు కారిపోవాలి, లేకపోతే మధ్యాహ్నానికి కింది కట్టలు ఉడికిపోతాయి. పుస్తకాలో బట్టలో మోసేవాళ్లయితే అడుగు ముట్టుకోకూడదు, పైన మూతకి చూరులా ట్యూబు అంచు వేలాడదీయాలి, వాన లోపలికి రాదు.

మేస్త్రీ తాడుతో వెడల్పు కొలుస్తున్నాడు. ఈ డబ్బా కొస నుంచి ఆ డబ్బా కొస దాకా. ఆ తాడునే తెచ్చి హ్యాండిల్ మీద పెడతాడు. తాడే పొడవు, ఇటు రెండు వేళ్లు, అటు రెండు వేళ్లు. "చూశావా బావా. ఇన్నాళ్లూ హ్యాండిల్ దూరితే సైకిలు దూరినట్టే. ఇక అట్టా అనుకోకు. సందులో గేటు స్తంభాన్నీ, ఆటోనీ డబ్బాతో కొలువు." బయటి మూలలకి వెనక నుంచి కనిపించేట్టు ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటిస్తాడు. తెల్లారకముందే కూరకి వెళ్లే మనిషికి అవి లేకుండా సైకిలు ఇవ్వనంటాడు. ఆ పట్టుదల నాకు నచ్చింది. వెనక టైరు నొక్కి చూసి, పంపు తెచ్చి, మామూలుకంటే గట్టిగా గాలి కొడతాడు.

ఇక నింపడం. గోంగూర, తోటకూర, బరువైనవి కిందికి. కొత్తిమీర పైకి. కుడి ఎడమలు సరిచూడటానికి తక్కెడ అక్కర్లేదు. మేస్త్రీ సైకిలు వెనక నిలబడి కారియర్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే, ఏ పక్క దిగుతోందో తెలిసిపోతుంది. ఎడమ దిగింది. రెండు తోటకూర కట్టలు ఇటు మారతాయి. సరిపోయింది. మొత్తం కూర పదహారు, పదిహేడు కిలోలు ఉంటుంది. చాలా కొత్త కారియర్ల మీద 25 కిలోలు అని ముద్ర వేసి ఉంటుంది. ఈ పాత ఇనప కారియర్ అంతకంటే ఎక్కువే మోసింది గానీ, దాని కాళ్ల దగ్గర అతుకుల్ని ఒకసారి వేలితో తడిమి గానీ మేస్త్రీ ఒప్పుకోలేదు.

"వెళ్లి వంతెన ఎక్కి దిగి రా."

ఆకుకూరల ఆయన గట్టు మీద ఎక్కి తొక్కుతున్నాడు. మీరు వెనకే నడుస్తున్నారు. మొదటి స్పీడ్‌బ్రేకర్. ముందు చక్రం దాటింది, వెనక చక్రం ఎగిరి దిగింది. డబ్బాలు సైకిలుతో పాటే లేచి సైకిలుతో పాటే దిగాయి. వంతెన ఎత్తు మీద సీటులోంచి లేచి తొక్కుతున్నప్పుడు కూడా హ్యాండిల్ నిటారుగా ఉంది. దిగేటప్పుడే తేడా. బ్రేకు పట్టినా అనుకున్న చోట ఆగలేదు, రెండు గజాలు ముందుకి పోయింది. వెనక్కి వచ్చి ఆయన చెప్పిన మొదటి మాట అదే.

"బరువు ఎక్కువైంది కదా బావా, బ్రేకు ముందే పట్టాలి. వానలో ఇంకా ముందు." మేస్త్రీ వెనక బ్రేకు కట్టెలు చూస్తాడు. అరిగి ఉన్నాయి. అడక్కుండానే కొత్తవి వేస్తున్నాడు. డబ్బాలు కట్టించుకుని బ్రేకులు వదిలేస్తే పని సగమే అయినట్టు.

లెక్క: క్యాన్లు ఎనభై, పట్టీ అరవై, బోల్టులు వాషర్లు యాభై, బ్రేకు కట్టెలు నలభై, చేతికూలి నూట యాభై. ప్లైవుడ్, ట్యూబులు, చెప్పు రబ్బరు ఊరికే వచ్చాయి. మూడొందల ఎనభై. ఇలాంటి పనికే కంపెనీ సంచుల జత కొనాలంటే వేలల్లో అవుతుంది, అవి తడి తోటకూర కోసం కుట్టినవీ కావు. ఆకుకూరల ఆయన మూడొందల యాభై ఇచ్చి, గోంగూర రెండు కట్టలు పీట మీద పెట్టాడు. మేస్త్రీ ఒక కట్ట పునుగుల ఆవిడకి పంపాడు, నీళ్లు కాచి ఇచ్చింది కదా.

"పచ్చిమిరపకాయలు తూచే కాటా ఎక్కడ పెట్టను బావా? ఇన్నాళ్లూ మెడకి తగిలించుకున్నా."

"కుడి డబ్బా అడుగున గుడ్డలో చుట్టి. ఎడమ అడుగున నీళ్ల సీసా పెట్టు, సరిపోద్ది. మధ్యాహ్నం ఎక్కడన్నా ఆగితే సైకిలు నీడలో పెట్టుకో, ఎండకి ఈ ప్లాస్టిక్కు పెళుసెక్కుద్ది. ఆదివారం ఒకసారి రా, బోల్టులన్నీ బిగిస్తా. మొదటి వారం అవి తప్పకుండా వదులవుతాయి."

"రంగు వేస్తే ఎండకి ఆగుద్దా?"

"ఈ ప్లాస్టిక్కుకి రంగు పట్టదు, పొరలు పొరలుగా లేచిపోద్ది. పాత గోనె ముక్క కప్పి తడుపుతూ ఉండు. డబ్బాకీ మంచిది, కూరకీ మంచిది."

ఆయన ఖాళీ అయిన గోనెసంచిని రెండుగా చింపి, బేసిన్ పక్కనున్న కుళాయి కింద తడిపి, రెండు డబ్బాల మీదా పరిచి ట్యూబు ఉంగరాలతో బిగించాడు. గాంధీనగర్ వైపు తిరిగి పెడలు తొక్కాడు. మేస్త్రీ అప్పటికే తర్వాతి సైకిలు చక్రం విప్పుతున్నాడు. దాని ఓనరు, పేపర్లు వేసే కుర్రాడు, మిగిలిన టైరు పట్టీ చేత్తో పట్టుకుని అడుగుతున్నాడు: "మావయ్యా, వాన తగలకుండా నాకు ఒక పక్కే చాలు. ఒక్కటి కడితే ఎట్టుంటది?"

"ఒక్కటి కట్టను," అంటాడు మేస్త్రీ. "రెండు కొనుక్కురా."